మొదటి రౌండ్‌లోనే ఓడిన అమ్మాయిలు
(వ్యాయామ ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అల్జీరియా మహిళల బాస్కెట్‌బాల్ కప్పు గురించి మాట్లాడతానని ఫోన్‌లో చెబితే నిర్వాహకులు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సార్, మన జిల్లా పోటీల గురించయితే బాగుంటుందేమో" అన్నారు మొహమాటంగా. రెండూ ఒకటేనండీ, కాస్త ఓపిక పట్టండి.

ఆ కప్పు నాకౌట్ పోటీ, ఒక్కసారి ఓడితే ఇంటికే. అందుకే ముందు ఒక లెక్క. 16 జట్లతో నాకౌట్ పెడితే మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చూపే పట్టిక, గీయక్కర్లేదు. ఒక్కో మ్యాచ్ ఒక్కో జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటే మిగలాలి, కాబట్టి 15. అదే జట్లు ఒకరితో ఒకరు ఒక్కసారి చొప్పున లీగ్ ఆడితే 120. హాలు అద్దె, రిఫరీల భత్యం చూసుకునేవాళ్లకు 15 ఎందుకు నచ్చుతుందో మీకు నేను చెప్పాలా? కానీ ఆ 16లో 8 జట్లకు దక్కేది ఒక్క మ్యాచే. 40 నిమిషాలు. బెంచీ చివర కూర్చున్న పన్నెండో అమ్మాయికి అదీ లేదు.

అల్జీరియా ఆఫ్రికాలోకెల్లా పెద్ద దేశం. దాదాపు 23.8 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం సహారా. జనంలో ఎక్కువమంది ఉత్తరాన సముద్రం పక్క సన్నటి పట్టీలో ఉంటారు. మహిళల బాస్కెట్‌బాల్‌లో గట్టి జట్లూ ఎక్కువగా రాజధాని అల్జీర్స్ చుట్టుపక్కలే. హుసేన్ దే, కూబా అని మనకు వినిపించే క్లబ్బు పేర్లు నిజానికి ఆ నగరంలోని పేటలవి.

వీటన్నిటి మీద ఒక పెద్ద నీడ ఉంది: ములూదియా క్లబ్బు. 1921లో, ఫ్రెంచి పాలనలో అక్కడి ముస్లింలు పెట్టుకున్న క్లబ్బు అది. 1977లో ప్రభుత్వం క్రీడల్ని సంస్కరిస్తూ క్లబ్బుల్ని ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. ములూదియా చమురు సంస్థ సోనాట్రాక్ చేతికి వచ్చింది, పేరులోకి 'పెట్రోలియే' అన్న మాటా వచ్చి చేరింది. 2008లో ఫుట్‌బాల్ విడిపోయాక మిగతా ఆటలన్నీ 'పెట్రోలియే' పేరుతోనే సాగాయి. ఆ తర్వాత మళ్లీ పాత పేరే. పేరు ఏదైనా, మహిళల కప్పు ఏళ్ల తరబడి ఎక్కువగా వాళ్ల అల్మరాలోకే వెళ్లింది. చమురు డబ్బును నేను తప్పుపట్టను. మన దగ్గర ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే రైల్వేస్ లేకపోతే ఎంతమంది అమ్మాయిలు ఇరవై ఏళ్లు దాటాక బంతి పట్టుకునేవాళ్లు? కాకపోతే గెలిచేదెవరో ముందే తెలిసిన పోటీలో నా కన్ను అవతలి బెంచీ మీదికి పోతుంది.

ఆ బెంచీ మీద కోచ్ ఏం చేయగలడు? చేయగలడు. బలహీనమైన జట్టుకు లీగ్‌లో దాక్కునే చోటు ఉండదు కానీ నాకౌట్‌లో ఉంటుంది. షాట్ క్లాక్ 24 సెకన్లు కదా, అంటే బంతి అందిన జట్టు ఆలోగా బుట్టకేసి వేయాలి. బంతి అందగానే పరిగెత్తకుండా అటూ ఇటూ తిప్పి, ఇరవయ్యో సెకను దాకా ఆపి, అప్పుడు వేయిస్తాడు. ప్రతిసారీ అలా చేస్తే మ్యాచ్ మొత్తంలో ఇరువైపులా దక్కే అవకాశాలు తగ్గిపోతాయి. అవకాశాలు తగ్గేకొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది. ఈలోగా అవతలి పొడుగు అమ్మాయికి నాలుగో ఫౌల్ పడిందనుకోండి, ఇక ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని కాపు కాస్తుంది. అయిదోది పడితే బయటికే. చూసేవాళ్లకు విసుగ్గానే ఉంటుంది, నాకూ విసుగే. కానీ అలా పోరాడి నాలుగు పాయింట్ల తేడాతో ఓడిన జట్టు ముఖాలు చూడాలి.

ఇక బట్టల సంగతి. 1991లో టోక్యోలో 1500 మీటర్ల ప్రపంచ చాంపియన్ అయిన హసీబా బుల్‌మెర్కా అల్జీరియా అమ్మాయే. నిక్కరుతో పరిగెత్తిందని కొందరు మతపెద్దలు దూషించారు, బెదిరింపులొచ్చాయి, దేశం వదిలి సాధన చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బార్సిలోనాలో దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. కాళ్లు కనిపించాయని ఒకరంటే, తల కనిపించడం లేదని ఇంకొకరన్నారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అప్పటి నియమం ప్రకారం తలకు కట్టుకునే పట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు. ఇంతే, నా మూడు వేళ్లంత. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతర్ అమ్మాయిలు హిజాబ్ తీయమంటే తీయక, మంగోలియాతో మ్యాచే వదులుకున్నారు. అదే ఏడాది చైనాలోని వూహాన్‌లో మన సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్, అమ్‌జ్యోత్‌ల చేత తలపాగాలు తీయించారు. ఆ గొడవ తర్వాత దేశవాళీ పోటీల్లో ప్రయోగంగా సడలింపు ఇచ్చారు. అంటే సొంత దేశంలోని పోటీల్లో తల కప్పుకుని ఆడొచ్చు, బాగా ఆడి దేశం జట్టుకు ఎంపికైతే మాత్రం తీసేయాలి! 2017 మేలో నియమం మార్చారు, అక్టోబర్ 1 నుంచి అమలైంది. ముఖం కప్పకూడదు, వేలాడే కొసలుండకూడదు, జట్టులో అందరిదీ ఒకే రంగై ఉండాలి.

మనదాకా వద్దాం. ఒకసారి బాలికల నాకౌట్‌కి రిఫరీగా వెళ్లాను. ఒక జట్టు రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి ఆరింటికి దిగింది. తొమ్మిదింటికి మ్యాచ్, పదిన్నరకి ఓటమి. పన్నెండింటికి నేను టీకి బయటికొస్తే అమ్మాయిలు బస్టాండులో బ్యాగుల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతున్నారు. ఇళ్లలో కట్టిచ్చినవి, రెండు రోజులకు సరిపడా. ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి, "సార్, ఇంకో మ్యాచ్ ఏమైనా ఉందా, మూడో స్థానానికి?" అని అడిగింది. మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు మూడో స్థానం ఉండదమ్మా అని చెప్పాను.

మీలో డ్రా వేసేవాళ్లున్నారు. 16 జట్లొస్తే మొదటి రౌండ్‌లో ఓడిన 8కి విడిగా ఇంకో నాకౌట్ పెట్టండి. మహా అయితే 7 మ్యాచ్‌లు పెరుగుతాయి. విజిల్ నేనే ఊదుతాను, భత్యం వద్దు.