వంద కుర్చీల గది లేక చచ్చిపోతున్న రాజమండ్రి సినిమా!

నమస్తే అండి. థంబ్‌నెయిల్ చూసి ఒళ్ళు మండి వచ్చారా? రండి, ఆ మంటే నాకు కావాలి. ఇంకోసారి గట్టిగా చెబుతున్నా వినండి. మన రాజమండ్రిలో చిన్న సినిమాని చంపుతున్నది ఓటీటీ కాదు, పైరసీ కాదు, "జనానికి టేస్టు లేదండీ" అనే ఆ అరిగిపోయిన మాటా కాదు. వంద కుర్చీల గది లేకపోవడం! వంద కుర్చీలు, ఒక తెర, ఒక ప్రొజెక్టరు, వారంలో ఒక రోజు ఖాయంగా షో. ఇంతే నేను అడిగేది.

రెంటా పర్సెంటేజా గొడవ మీకు తెలిసిందే. పెద్ద సినిమాకి మొదటి వారం అద్దె ఇస్తారు, కలెక్షన్ పడిపోగానే పర్సెంటేజీ, అంటే కలెక్షన్లో వాటా, అంటారు, ఇదేం న్యాయం అని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, అడిగారు. 2025 మేలో, జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తాం అన్నారు, రెండు రాష్ట్రాలూ ఊగిపోయాయి, ఆఖరికి వెనక్కి తగ్గారు. సరే. ఆ గోలంతటిలో టీవీల ముందు కూర్చున్నాను నేను. హీరోల గురించి మాట్లాడారు, టికెట్ రేట్ల గురించి, పాప్‌కార్న్ రేటు గురించి కూడా మాట్లాడారు. పది లక్షలు అప్పు తెచ్చి సినిమా తీసిన కుర్రాడి గురించి ఒక్కళ్ళు మాట్లాడారా? ఒక్కళ్ళు?

వాడి పరిస్థితి చెబుతా. హాలు కావాలంటే అద్దె వాడే కట్టుకోవాలి. దాని మీద వీపీఎఫ్, అంటే డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీ వాళ్ళకి స్క్రీనుకి ఇంత అని కట్టే డబ్బు. 2018 మార్చిలో దీని మీదే కదా హాళ్ళు మూసింది! పెద్ద ప్రొడ్యూసరుకే అది బరువైతే ఈ కుర్రాడేమైపోవాలి? సరే, ఎలాగో కట్టాడు. శుక్రవారం ఉదయం పదకొండు గంటల ఆట ఇస్తారు. ఆ టైముకి ఎవడొస్తాడండీ? షాపుల్లో పనిచేసేవాళ్ళు షాపుల్లో ఉంటారు, కాలేజీ పిల్లలు కాలేజీలో ఉంటారు. ఓ పాతిక మంది చూస్తారు. బాగుంటే వాళ్ళు శనివారం చెబుతారు. ఆ మాట ఆదివారం సాయంత్రానికి దానవాయిపేటలో నాలుగిళ్ళు చుడుతుంది. సోమవారం మీరు భార్యాపిల్లల్ని తీసుకుని వెళ్ళేసరికి పోస్టరు లేదు! సినిమా లేదు! నోటిమాట నడిచొచ్చే లోపు సినిమా బస్సెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పెద్దమనుషులే మైకు పట్టుకుని "జనం రాలేదండీ" అంటారు. రానిచ్చారా మీరు?

ఇక్కడ ఎవరో ఒకరు కింద రాస్తారు, నాకు తెలుసు: "మరి కేరాఫ్ కంచరపాలెం ఆడింది కదా బ్రో." ఆడింది. 2018 సెప్టెంబరులో, విశాఖలోని ఓ పేట కథ, ఆ పేట మనుషులే నటించిన సినిమా. నాకు ప్రాణం ఆ సినిమా అంటే. కానీ అది జనం దాకా ఎలా వచ్చింది? రానా దగ్గుబాటి సమర్పణ అని పేరు పడింది, వెనకాల పెద్ద సంస్థ నిలబడింది, అప్పుడు హాళ్ళు దొరికాయి. సంతోషం, ఆయనకి దండం. మరి రానా కంటపడని సినిమాల సంగతేంటి? ప్రతి కుర్రాడికీ ఒక రానా దొరుకుతాడా? గది అయితే దొరుకుతుంది కదా!

ఇప్పుడు నా థియరీ. మా ఫ్రెండ్సు వినీ వినీ పారిపోతున్నారు, మీరు మాత్రం వినాలి. ఈ ఊళ్ళో కళ ఎప్పుడెప్పుడు పండిందో తీసి చూడండి. ప్రతిసారీ దాని వెనకాల ఎవరో ఒకరు గది ఏర్పాటు చేసి ఉంటారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో శిష్యుల చేత నాటకం ఆడించారు. ఊరికి టౌన్‌హాలు కట్టించిందీ ఆయనే. వితంతు వివాహాలు చేసిన మనిషిగానే మనకి తెలుసు గానీ, నలుగురూ కూర్చునే చోటు లేకపోతే ఏ మాటా నిలవదని ఆయనకి బాగా తెలుసు. తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజం. ఆ సమాజంలో వేషాలు కట్టిన ఓ కుర్రాడు ఎవరనుకున్నారు? టంగుటూరి ప్రకాశం! తుపాకీకి రొమ్ము చూపించిన ఆంధ్రకేసరి గుండె ముందు రాజమండ్రి స్టేజీ మీద గట్టిపడిందని నేనంటాను. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో వాళ్ళిష్టం.

1936లో నిడమర్తి సూరయ్యగారు ఏకంగా స్టూడియోనే కట్టేశారు. దుర్గా సినీటోన్. మద్రాసో, కలకత్తానో, బొంబాయో తప్ప తెలుగు సినిమాకి దిక్కు లేదనుకునే రోజుల్లో, ఆంధ్రదేశంలోనే స్టూడియో పెట్టారండీ, అదీ మనూళ్ళో! నిలబడలేదు, మూతపడింది. ఈ ఊరు సినిమాకి కొత్త కాదని చెప్పడానికి మాత్రం ఆ ఒక్క పేరు చాలు.

ఇక మన చిత్రకారుడు దామెర్ల రామారావు. ఇక్కడ కాసేపు ఆగుతా, ఎందుకంటే ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. గోదావరి గట్టు దగ్గర ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. మీలో ఎంతమంది లోపలికెళ్ళారు? పుష్కరాల రేవుకి వెళ్ళారు, రోజ్ మిల్క్ తాగారు, సెల్ఫీ దిగారు, ఆ గేటు ముందు నుంచే బండి మీద వెళ్ళిపోయారు! 1897లో పుట్టాడాయన, గోదావరి మీద మన పాత హేవలాక్ రైలు వంతెన కట్టడం మొదలైన ఏడాదే. ఆర్ట్స్ కాలేజీలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే తెల్లదొర ప్రిన్సిపాలు ఈ పిల్లాడి చెయ్యి చూసి ముచ్చటపడ్డాడు, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి దారి చూపించాడు. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజుగారు కూడా ఆ దొర శిష్యుడే. రామారావు బొంబాయిలో పేరు తెచ్చుకున్నాడు. అక్కడే ఉండిపోతే హాయిగా బతికేవాడు. వెనక్కొచ్చాడు. వచ్చి ఏం చేశాడు? రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. మళ్ళీ గది! చూశారా నా థియరీ? ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, ఇద్దరూ బొమ్మలు వేశారు. వంద ఏళ్ళ కింద, ఆడవాళ్ళు గడప దాటితే గుసగుసలాడే రోజుల్లో! 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు.

మనిషి పోయినా పాఠశాల పోలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు దాన్ని భుజాన వేసుకుని నడిపించారు. గది ఉంది కాబట్టి మనిషి పోయినా పని నిలిచింది. వెళ్ళి చూడండి ఒకసారి. పూలు ముడుచుకునే ఆడవాళ్ళ బొమ్మ ముందు నిలబడండి. పెన్సిల్ స్కెచ్చులైతే ఇంకా దగ్గరగా చూడండి, చెయ్యి ఎక్కడ ఆగిందో ఎక్కడ సాగిందో తెలుస్తుంది. కెమెరా పట్టుకుని షార్ట్ ఫిల్మ్ తీస్తానంటున్న ప్రతి తమ్ముడికీ చెల్లికీ చెబుతున్నా, ఫ్రేమింగ్ మీద ఆన్‌లైన్ కోర్సు కొనే ముందు ఆ గ్యాలరీలో ఓ పూట కూర్చోండి.

బొమ్మలంటే గుర్తొచ్చింది, టాపిక్ పక్కకెళ్తుంది, ఫర్వాలేదు. హాళ్ళ ముందు చేత్తో వేసిన బ్యానర్లు గుర్తున్నాయా? చిన్న ఫొటో మీద గళ్ళు గీసుకుని, గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవి గీసుకుని, ఒక్కో గడి నింపుకుంటూ పోయేవాళ్ళు. దగ్గరికెళ్తే ముక్కు ఒక నీలం మరక, బుగ్గ ఒక గులాబీ మరక. రోడ్డు అవతలికి వెళ్ళి తిరిగి చూస్తే ఎన్టీవోడు నవ్వుతున్నాడు! ఫ్లెక్స్ వచ్చింది, ఆ చేతులు కిరాణా కొట్ల బోర్డులు రాసుకున్నాయి, తర్వాత ఆ పనీ పోయింది. ఆ మేస్త్రీలకి ఓ చోటు చూపించి "అయ్యా, వారానికో బొమ్మ వేసి చూపించండి, పిల్లలకి నేర్పండి" అని మనం ఎవరమైనా అడిగామా?

అసలు విషయానికొస్తా. మొన్నీమధ్య మనూరి కుర్రాళ్ళు తీసిన షార్ట్ ఫిల్ముల షోకి వెళ్ళాను. ఓ ఫంక్షన్ హాలు పైన ఖాళీ గది. తెర ఏంటో తెలుసా? పాత పుట్టినరోజు ఫ్లెక్స్ తిరగేసి, తెల్ల వైపు బయటికి పెట్టి కట్టారు! ఇటు ఓ ఇసుక కూలీ కథ నడుస్తుంటే, లైటు పడినప్పుడల్లా వెనకాల నుంచి ఎవరో నాయకుడి దండం పెట్టిన చేతులు లీలగా కనిపిస్తున్నాయి. స్పీకరు పెళ్ళిళ్ళ డీజే వాళ్ళది. ఫ్యాన్ వేస్తే డైలాగు వినపడదు, ఆపితే ఉక్క. అయినా ఒక్కళ్ళు కదల్లేదండీ! సినిమా అయ్యాక అందులో వేషం వేసిన పెద్దావిడ లేచి, "మా ఆయన కూడా ఇసుక పడవ మీదే పోయాడు బాబూ, అందుకే ఏడుపు నటించక్కర్లేకపోయింది" అంది. గది మొత్తం లేచి నిలబడింది. ఏ మల్టీప్లెక్సులో దొరుకుతుందండీ ఇది? డైరెక్టరు ఆమె పక్కనే ఉన్నాడు, చూసినవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు హాలు మనిషి వచ్చి, "తొమ్మిదైంది, ఖాళీ చెయ్యండి, పొద్దున్న ఓణీల ఫంక్షను, డెకరేషన్ వాళ్ళు కింద నిలబడ్డారు" అన్నాడు. అతని తప్పేం లేదు, అతని వ్యాపారం అది. కానీ ఆ మాటలు అక్కడే తెగిపోయాయి. మెట్ల మీద నిలబడి ఎంతసేపు మాట్లాడతారు?

మళ్ళీ సినిమా ఎప్పుడు, ఎక్కడ అంటే చెప్పేవాళ్ళు లేరు. తిథీ వారమూ లేని షోకి జనం ఎలా అలవాటు పడతారు? దేవీచౌక్‌లో దసరా రాత్రుళ్ళు నాటకాలకి జనం రోడ్డు మీద చాపలేసుకుని ఎందుకు కూర్చున్నారు? ఫలానా రోజు ఫలానా చోట ఉంటుందని తెలుసు కాబట్టి! అదండీ నేను చెప్పే ఖాయం.

"ఆనం కళాకేంద్రం ఉందిగా" అంటారు. ఉంది. పెద్ద నాటకానికి, సభకి, సన్మానానికి అలాంటి హాలు ఉండి తీరాలి. అరగంట సినిమాకి అరవై మంది వస్తే ఆ హాల్లో ఎవరికి వారు ఒంటరిగా కూర్చున్నట్టుంటుంది. అదే అరవై మంది వంద కుర్చీల గదిలో కూర్చుంటే హౌస్‌ఫుల్ కళ! ఆ కళే తీసినవాడితో రెండో సినిమా తీయిస్తుంది.

మలయాళం వాళ్ళని చూసి నోళ్ళు తెరుచుకుంటాం కదా, వాళ్ళకి ఇది ఊరికే వచ్చిందా? వాళ్ళ పెద్ద డైరెక్టరు అదూర్ గోపాలకృష్ణన్ తన సినిమా తీయకముందే, 1965లో, చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ, అంటే మంచి సినిమాలు కలిసి చూసే సంఘం, పెట్టినవాళ్ళలో ఉన్నాడు. ముందు చూసే చోటు, ఆ తర్వాత తీసే మనిషి! 1984లో కోళిక్కోడ్‌లో మలయాళం డైరెక్టరు జాన్ అబ్రహాం, స్నేహితులు ఒడెస్సా అని సంఘం పెట్టి, ఊరూరా తిరిగి తెర కట్టి మంచి సినిమాలు వేసి, చూసినవాళ్ళ దగ్గర చందాలు పోగేసి, ఆ డబ్బుతో సినిమా తీశారు. హీరో డేట్లు అడగలేదు, ఫైనాన్షియర్ గడప తొక్కలేదు. మనకి కోళిక్కోడ్ కన్నా ఏం తక్కువ?

ఇక డబ్బు సంగతి. అఖండ గోదావరి అనే టూరిజం ప్రాజెక్టుకి 2025 జూన్‌లో మనూళ్ళోనే శంకుస్థాపన చేశారు, 94 కోట్ల పైచిలుకు. 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెనని అందంగా చేస్తారట, ఘాట్లు బాగుచేస్తారట. చెయ్యండి, నాకూ ఇష్టమే ఆ వంతెన. 2027లో పుష్కరాలు, లక్షల మంది వస్తారు. ఆ 94 కోట్లలో ఒక్క గది పట్టదా అధికారులూ? గట్టు మీద, గ్యాలరీకి దగ్గర్లో. పగలు మనూరి చిత్రకారుల బొమ్మలు గోడలకి, సాయంత్రం తెర మీద సినిమా. పుష్కరాలకొచ్చిన మనిషి స్నానం చేసి, బొమ్మలు చూసి, గోదావరి కుర్రాళ్ళ సినిమా చూసి వెళ్తాడు. వంతెనకి రంగురంగుల లైట్లు ఎన్ని వేసినా ఆ మనిషికి మనమెవరో తెలియదు, మన కథ చూస్తే తెలుస్తుంది.

ప్రభుత్వం కోసం కూర్చోకుండా మనం మొదలెట్టేది కూడా ఉంది. కామెంటులో నాకు తిట్లు రాయకండి, అడ్రసు రాయండి. మీ వీధిలో శనివారం సాయంత్రం ఖాళీగా ఉండే గది ఏది? ట్యూషన్ సెంటరు మేడ, యూనియన్ ఆఫీసు హాలు, స్కూలు పెద్ద గది, ఏదైనా. కుర్చీలు ఎన్ని పడతాయి, కిటికీలు మూస్తే చీకటవుతుందా, కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా, ఈ మూడూ రాయండి. సినిమా తీసినవాళ్ళు నిడివి ఎంతో, సెన్సార్ సర్టిఫికెట్ ఉందో లేదో రాయండి, పబ్లిక్ షో అంటే అది కావాలి. ఇన్వర్టరున్న గదితో మొదలుపెడదాం. ప్రొజెక్టరు నేను తెస్తా.