తాత దాచిన గులకరాళ్లు

శ్రోతలకు నమస్కారం.

మా తాతను నేను చూడలేదు. ఆ మాటకొస్తే మా నాయనకు కూడా ఆయన ముఖం గుర్తులేదు. తాత పోయేనాటికి నాయనకు రెండేళ్లు. ఫోటో లేదు. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో ఆయన గురించి మిగిలిందల్లా ఒక్క మాట: “సాగర్ కట్టకు రాళ్లు మోసిండు.” అంతే.

అరవై దాటాక ఒకరోజు నాయన ఉన్నట్టుండి, “మా అయ్య ఎట్లుండేటోడో” అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. వెతకడం మొదలుపెట్టాను. నాయనమ్మ బతికున్నప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ముందు పుట్టిన సంవత్సరం. “తాత ఏ సంవత్సరంలో పుట్టాడు?” అంటే ఊళ్లో ఒక్కరూ చెప్పలేదు. “రజాకార్ల గడబిడప్పుడు తాత ఎంత ఉండె?” అని అడిగాను. ఒక పెద్దాయన వెంటనే అందుకున్నాడు: “అప్పుడప్పుడే మీసాలు వస్తున్నయి. గడ్డివాముల దాక్కున్నడు.” ఆ గడబిడను ఆపిన పోలీసు చర్య, అంటే నిజాం రాజ్యంలోకి భారత సైన్యం రావడం, జరిగింది 1948 సెప్టెంబరులో. అంటే తాత 1930, 32 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. అందుకే మన పెద్దవాళ్లను ఏ సంవత్సరం అని అడగకండి. ఏం జరిగినప్పుడు అని అడగండి.

తర్వాత కాగితాలు. ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్తాను, గుర్తుంచుకోండి. ఖాస్రా పహాణీ. 1954-55లో రాసిన భూమి లెక్క అది. అందులో పట్టాదారు పేరే కాదు, భూమి దున్నుతున్న మనిషి పేరు కూడా ఉంటుంది. సర్వే నంబరు తెలిస్తే తహసీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు దొరికింది ఉర్దూలో ఉంది. రిటైరైన ఉర్దూ సారు ఒకాయన చదివిపెట్టారు. సొంత భూమి కాదు, ఇంకొకరి పట్టాలో సాగుదారుగా మా తాత పేరు! పేరు పక్కన ‘వల్ద్’ అని ఉంది. అంటే ఫలానావారి కొడుకు అని. ఆ ఒక్క చిన్నమాటతో మా ముత్తాత పేరు మా ఇంట్లో మొదటిసారి తెలిసింది. మీరు వెతికేటప్పుడు ఇంట్లో పిలిచే పేరే కాగితంలో ఉంటుందనుకోకండి. ఎంకయ్య వెంకయ్య కావచ్చు, లచ్చయ్య లక్ష్మయ్య కావచ్చు.

కానీ పేరు దొరికితే మనిషి దొరికినట్టు కాదు కదా. మనిషి నాకు ఒక అవ్వ దగ్గర దొరికాడు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పనికి మా ఊరి నుంచి పోయినవాళ్లలో ఈ అవ్వ కూడా ఉంది. అప్పటికి పన్నెండేళ్ల పిల్ల, అమ్మ వెంట పోయింది. నేను తాత పేరు చెప్పగానే నవ్వింది. “గులకరాళ్లాయన మనుమనివా!” అంది.

తట్టల లెక్కన పైసలిచ్చేవారట. మేస్త్రీ లెక్క తక్కువ చెప్పేవాడట. తాతకు చదువు రాదు. అందుకని తట్టకో గులకరాయి ధోతి కొంగులో వేసుకునేవాడు. తనకే కాదు, పక్కన మోసే ఆడవాళ్లకూ లెక్క పెట్టేవాడు. వాళ్ల రాళ్లు వేరే మూటలో. సాయంత్రం మేస్త్రీ ముందు మూటలు విప్పి, ఒక్కొక్కటే కింద పెట్టేవాడట. ఒక్కొక్కటే. “మా అమ్మ పైసలు ఒక్కటి పోనియ్యలేదు బిడ్డా” అంది అవ్వ.

1967 ఆగస్టులో ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. అవి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పారాయి. ఎత్తు మీద ఉన్న మా దిక్కు రాలేదు. తాత అప్పటికే లేడు. దీన్ని తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

లేవబోతుంటే అవ్వ అడిగింది, “ఇత్తడి చెంబు ఉన్నదా ఇంట్ల?” అని. ఉంది. దాని మీద నాయనమ్మ పేరు కొట్టి ఉంటుంది. పుట్టింటివాళ్లు పెట్టిందనుకున్నాం ఇన్నేళ్లూ. “కాదు బిడ్డా. మీ తాత మాచర్ల అంగడిల కొన్నడు. పేరు కొట్టించిండు. సక్కగ కొట్టిండ్రో లేదోనని దారిపొంటి ముగ్గురితోని సదివించుకున్నడు.”

ఆ రాత్రి ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. అటక మీది చెంబు దించి, చింతపండుతో తోమి, నా చేతికిచ్చాడు.

“సదువు” అన్నాడు.