విషం లేదు కదా అంటారు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది అసోసియేషన్ హాలుకు వచ్చారంటే, నాలుగో అంతస్తులో పాము ఉందన్న పుకారు గట్టిగానే తిరిగినట్టుంది. వెతికి చూశాను, లేదు. కానీ మెట్ల దగ్గర ఓ కుర్రాడు అడిగాడు: "కొండచిలువకు విషం ఉండదు కదా అంకుల్, పెంచుకుంటే ఏం?"

విషం లేదు, నిజమే. పళ్లున్నాయి. సూదుల్లా ఉండి, గొంతువైపు వంగి ఉంటాయి. కరవగానే మనం చెయ్యి లాక్కుంటాం, కండ చీరుకుపోతుంది. ఆ వెంటనే చుట్టేస్తుంది. ఊపిరాడక చస్తారని చాలాకాలం అనుకున్నాం. కానీ కొండచిలువలాగే చుట్టి చంపే బోవా అనే పాము చుట్టిన ఎలుకల్లో క్షణాల్లోనే రక్తప్రసరణ కుప్పకూలుతోందని 2015లో పరిశోధకులు కొలిచి చూపించారు.

"మాది మచ్చికైందండీ" అంటారు. కుక్కకు యజమాని తెలుస్తాడు. దీనికి తెలిసేవి వాసన, వేడి. నాలుకతో వాసన పడుతుంది, పెదవుల మీది గుంటలతో వేడి పసిగడుతుంది. కోడిని ముట్టుకున్న చేత్తో పంజరం తెరిస్తే, ఆ చెయ్యే కోడి. ఏడాదిపాటు మెడలో వేసుకుని ఫొటోలు దిగినా ఆ లెక్క మారదు. అందుకే అనుభవమున్నవాళ్లు పెద్దపామును ఒంటరిగా ముట్టరు. చుట్టుకుంటే రెండోమనిషి తోకవైపు నుంచి విప్పుకుంటూ రావాలి. నడుం దగ్గర పట్టి లాగితే ఇంకా బిగుస్తుంది.

2013లో కెనడాలో, పెంపుడు జంతువుల దుకాణం పైనున్న ఇంట్లో ఆఫ్రికా కొండచిలువ గాలిగొట్టంలోకి దూరి, నిద్రపోతున్న ఇద్దరు పిల్లల గదిలో పడింది. ఇద్దరూ చనిపోయారు. మన బాత్రూం డక్టులు ఒక్కసారి గుర్తుచేసుకోండి.

అమ్మేవాడు చూపించేది రెండడుగుల పిల్ల. బర్మా కొండచిలువ కొన్నేళ్లలోనే పదడుగులు దాటుతుంది, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు గోల పెడతారు, రాత్రిపూట పామును కుక్కిన గోనెసంచి గండిపేట చెరువు దారి పడుతుంది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడినేలలు అలాగే పాడయ్యాయి. పెంపుడు పాములు అక్కడ అడవిపాములై, రకూన్‌లనే చిన్న జంతువులు కనబడటం 99 శాతం తగ్గిందని 2012 అధ్యయనం.

మన కొండచిలువైతే 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఇంట్లో దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు.

ఎవరింట్లోనైనా ఇప్పటికే ఉంటే సంచి జోలికి పోకండి. అటవీశాఖకు చెప్పండి. 1995 నుంచి మన హైదరాబాద్‌లో పాములు పడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, వాళ్లనైనా పిలవండి. వాళ్లొచ్చేదాకా తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కండి.