స్పీకర్ దాకా రాకముందే

సభాధ్యక్షులకు, శ్రోతలందరికీ నమస్కారం.

ఇంట్లో మంచి సంగీతం వినాలన్న కోరికతో చాలామంది ముందు స్పీకర్లు కొని, తరువాత యాంప్లిఫయర్ మార్చి, చివరికి కేబుళ్ల దాకా వెళ్తారు. స్పీకర్లకూ, అవి ఉన్న గదికీ ఎంతో ప్రాధాన్యం ఉందన్నది నిజమే. అయితే ఆ పరికరాలకు అందేది స్టూడియోలో అప్పటికే రూపుదిద్దుకున్న ధ్వని. అక్కడ పోయినదాన్ని ఇంట్లో ఏ పరికరమూ తిరిగి తేలేదు.

ముందుగా రికార్డింగ్ సంగతి చూద్దాం. మైకును వాద్యానికి దగ్గరగా పెడితే తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా నమోదవుతుంది. దూరం జరిపేకొద్దీ నేరుగా వచ్చే ధ్వని తగ్గి, గోడలను తాకి తిరిగివచ్చే ధ్వని పాలు పెరుగుతుంది. ఒకే గిటార్‌కు రెండు మైకులు పెట్టారనీ, వాటిలో ఒకటి సుమారు 17 సెంటీమీటర్లు వెనకగా ఉందనీ అనుకోండి. ధ్వని ఆ మైకును అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండింటినీ సమాన స్థాయిలో కలిపినప్పుడు 1,000 హెర్ట్జ్ దగ్గరా, తిరిగి 3,000, 5,000 హెర్ట్జ్ దగ్గరా అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఫలితంగా గిటార్ డొల్లగా వినిపిస్తుంది, వినేవారేమో తమ స్పీకర్‌ను అనుమానిస్తారు.

మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన ధ్వనులను కలిపే పని, పూర్తయిన పాటను విడుదలకు సిద్ధం చేసే చివరి దశ మాస్టరింగ్. ఒక ఆల్బమ్‌లోని పాటల మధ్య ధ్వని స్థాయిలోనూ, దాని స్వభావంలోనూ పొందిక తేవడం దాని అసలు పని. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ, 16 బిట్ల పద్ధతి వల్ల, అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ల వ్యత్యాసాన్ని పట్టగలదు. అంత విశాలమైన అవకాశం చేతికొచ్చాక, ముఖ్యంగా 1990ల నుంచి, పక్క పాట కన్నా మన పాట గట్టిగా మోగాలన్న పోటీలో పరిశ్రమ దాన్ని చాలావరకు వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇందులో జరిగే నష్టాన్ని డ్రమ్ మీద పడిన ఒక్క దెబ్బలో చూడవచ్చు. కర్ర తగిలిన తొలి కొద్ది మిల్లీసెకన్లలో ధ్వని నిట్టనిలువుగా శిఖరానికి లేచి, వెంటనే పడిపోయి, ఆ తరువాత డ్రమ్ నాదం మెల్లగా ఆరిపోతుంది. దెబ్బలోని పదునంతా ఆ శిఖరంలోనే ఉంటుంది. ధ్వని ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ అనే పరికరం దాన్ని అణచి, అలా దొరికిన ఖాళీలోకి పాట మొత్తాన్ని పైకి లేపుతుంది. ఈ పనిని మితిమీరి చేస్తే వేవ్‌ఫామ్, అంటే ధ్వని హెచ్చుతగ్గులను చూపే గీత, తల కోసిన కంచెలా కనిపిస్తుంది. మృదువైన చరణానికీ ఉధృతమైన పల్లవికీ తేడా పోతుంది, కాసేపటికే చెవి అలసిపోతుంది. మెటాలికా అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ విషయంలో అభిమానులే ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో ఇంతగా నొక్కకుండా రావడంతో తేడా అందరికీ తెలిసింది.

ఇలా దెబ్బతిన్న మాస్టర్‌నే, అంటే మాస్టరింగ్‌లో తయారైన తుది ప్రతినే, సీడీ కన్నా సూక్ష్మమైన 24 బిట్ల ఫైలుగా అమ్మినా కోసేసిన శిఖరాలు తిరిగి మొలవవు. అందుకే, ఫార్మాట్ అంకెల కన్నా ఏ మాస్టర్ అన్నదే ముందు చూడాలని నా అభిప్రాయం. సాంకేతికంగా సీడీ కన్నా పరిమితులున్న ఎల్పీ (వినైల్ రికార్డు) కొన్నిసార్లు మెరుగ్గా వినిపించడానికి కూడా దానికి వేరే మాస్టర్ వాడటం ఒక కారణం.

పరిస్థితి కొంత మారింది. లౌడ్‌నెస్‌ను, అంటే చెవికి తోచే గట్టితనాన్ని, కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 2006లో రాగా, దాని ఆధారంగా యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో ప్రసారాలకు ఆ కొలమానంలో మైనస్ 23 స్థాయిని సిఫారసు చేసింది. స్ట్రీమింగ్ సేవలు కూడా పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి తెస్తున్నాయి కనుక, గట్టిగా నొక్కిన పాటకు ఇప్పుడు అక్కడ అదనపు లాభం లేదు.

మీరే పరీక్షించదలిస్తే, ఒకే ఆల్బమ్‌కు వచ్చిన పాత, కొత్త మాస్టర్లు రెండూ తెచ్చుకోండి. వాల్యూమ్ కొద్దిగా ఎక్కువున్నదే మేలైనదని చెవి పొరబడుతుంది కాబట్టి, ముందుగా మీటర్ సాయంతో రెండింటి సగటు స్థాయినీ సమానం చేయండి. తరువాత డ్రమ్ దెబ్బలనూ, గాయకుడు ఊపిరి తీసుకునే చోట్లనూ మార్చి మార్చి వినండి. కొత్త యాంప్లిఫయర్ విషయం ఆ తరువాత ఆలోచించవచ్చు.