నిన్న తిప్పిన మడవ

అందరికీ నమస్కారమండి. భీమవరం కుర్రాళ్లకి సర్వర్ల గురించి చెప్పమన్నారు. నేను మాత్రం చివరికి మిమ్మల్ని రొయ్యల చెరువు గట్టు మీదికి తీసుకెళ్తాను, ఏమీ అనుకోకండి.

మా నాన్నకి కాలవ కింద మూడెకరాలు. రాత్రికి రాత్రి చేలో నీళ్లు తీసేస్తే ఎవరైనా నిన్న తిప్పిన మడవనే తిడతారు. ఆయన తిట్టడు. గట్టు చుట్టూ నడుస్తాడు. ఎక్కడో ఓ ఎండ్రకాయ బొరియ దొరుకుతుంది. ఆ ఓపిక నాకు రాలేదు.

ఇక్కడే ఒక మేత వ్యాపారి ఆఫీసులో చిన్న టవర్ సర్వర్ ఉంది. బిల్లులూ బాకీలూ అన్నీ అందులోనే. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04 కి మామూలు సపోర్టు 2025 మేతో అయిపోయింది కదా, దాన్ని 22.04 కి ఎక్కించాను. దాని గుండెకాయ లాంటి కెర్నల్ 5.4 నుంచి 5.15 కి మారింది. మూడో రాత్రి మిషను దానంతటదే రీబూట్ అయింది. ఆ వారంలోనే మరో రెండుసార్లు. షావుకారు గారు ఫోన్ చేసి, "బాగున్నదాన్ని ఎందుకు కెలికావయ్యా?" అన్నారు. నాకూ అదే అనుమానం.

మిషను తన సంగతులు రాసుకునే జర్నల్‌లో వెనకటి బూట్ తాలూకు ఆఖరి లైను చూస్తే బ్యాకప్ మొదలైందని ఉంది. ఇంకేం, బ్యాకప్‌ని పట్టుకుని రెండు రోజులు పీకాను. తర్వాత వెలిగింది. జర్నల్ మామూలు సందేశాల్ని ఐదు నిమిషాలకోసారి డిస్కుకి గట్టిగా దించుతుంది, మరీ తీవ్రమైనవైతేనే అప్పటికప్పుడు. మిషను ఠక్కున పోతే చివరి నిమిషాల కథ దాంతోపాటే పోవచ్చు. పాపం, ఆ బ్యాకప్ దారిన పోయేవాడు.

అందుకని పోయే ముందు మిషను ఏదో ఒకటి చెప్పి పోయేలా చూడండి. కేడంప్ పెట్టాను. కెర్నల్ పానిక్ అయితే, అంటే కోలుకోలేని తప్పు తగిలి ఆగిపోతే, ముందే పక్కన పెట్టిన కాస్త మెమరీలోంచి రెండో కెర్నల్ లేచి, చచ్చినదాని మెమరీని డిస్కు మీద రాసి పెడుతుంది. డిస్కునీ నమ్మబుద్ధి కాక నెట్‌కన్సోల్ కూడా పెట్టాను. కెర్నల్ మాటలు నెట్‌వర్క్ మీదుగా పక్క బల్ల మీది పాత ల్యాప్‌టాప్‌కి వస్తాయి.

నాలుగోసారి పోయింది. డంప్ లేదు, ల్యాప్‌టాప్‌కి ఒక్క ముక్క వినబడలేదు. మొదట ఉసూరుమన్నాను గానీ, ఆ మౌనమూ సాక్ష్యమే. పానిక్ అయ్యుంటే ఎక్కువసార్లు ఏదో ఒకటి మిగులుతుంది. ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో పాత 5.4 ఇంకా ఉంది, దాంతోనే బూట్ చేశాను. రెండు రాత్రులు తిరక్కుండా మళ్లీ పోయింది. ఆదివారమంతా మెమరీ టెస్టు తిప్పితే ఒక్క తప్పూ లేదు. కొత్త కెర్నల్ మీద కేసు దాదాపు కొట్టేసినట్టే.

పోయిన వేళలన్నీ కాగితం మీద రాసుకున్నాను. అన్నీ రాత్రి రెండుకీ నాలుగుకీ మధ్య. గుమస్తా గారు అది చూసి, "అప్పుడే కదండీ ఏరేటర్లు వేసేది?" అన్నారు. అవి చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్లు. రాత్రి పాచి ఆక్సిజన్ ఇవ్వదు, పైగా రొయ్యతో పాటు అదీ పీలుస్తుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. మోటారు లేచేటప్పుడు నడిచే కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. చుట్టుపక్కల అన్నీ ఒకేసారి లేస్తే లైనులో వోల్టేజీ క్షణం పాటు కుంగుతుంది. సర్వర్ పవర్ సప్లై ఓర్చుకునేది మహా అయితే కరెంటు ఒక్క సైకిల్, అంటే సుమారు 20 మిల్లీసెకన్లు.

సరే, ఏరేటర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడే ఎందుకు? దానికే కదా యూపీఎస్ ఉన్నది!

బల్ల కిందికి దూరాను. యూపీఎస్‌కి మానిటర్ ఉంది, సర్వర్ వైరు గోడ సాకెట్లో ఉంది. అప్‌గ్రేడ్ రోజున స్క్రీన్ పెట్టడానికి చేతికందిన ప్లగ్గు పీకి, అటుదిటూ ఇటుదటూ గుచ్చింది నేనే. వైరు మార్చాక మళ్లీ పోలేదు. షావుకారు గారికి ఏం చెప్పాలా అని ఆ బల్ల కిందే కాసేపు కూర్చున్నాను.