పొడపత్రి ఆకు నుంచి ఔషధం దాకా

సభకు నమస్కారం.

చెన్నైలో స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలో చక్కెర వ్యాధి మాత్రల పక్కనే మెంతుల పొడి, నేరేడు గింజల పొడి, పొడపత్రి చూర్ణం తరచుగా కనిపిస్తాయి. మాత్ర గురించి డాక్టరును పదిసార్లు అడిగేవారు కూడా చూర్ణం గురించి ఒక్కసారీ అడగరు. అందుకే ఈరోజు ముఖ్యంగా పొడపత్రి గురించి మాట్లాడతాను.

ఇక్కడి నాటుమందుల దుకాణాల్లో సిరుకురింజాన్ అని అడిగితే ఇచ్చే ఆకు ఇదే. దీన్ని నమిలాక కొంతసేపు పంచదార కూడా తీపి అనిపించదు. ఇందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను అడ్డుకోవడమే అందుకు కారణం. రక్తంలో చక్కెర తగ్గుతుందనడానికి ఇదే రుజువని చాలామంది నమ్ముతారు గాని, నాలుకకు తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో గ్లూకోజు తగ్గడం వేరు.

ఆ రెండో సంగతిని మనుషుల్లో పరీక్షించి చూసినవారిలో ఈ నగర పరిశోధకులు ఉన్నారు. 1990లో ప్రచురితమైన వారి అధ్యయనంలో, రెండో రకం మధుమేహం ఉన్న 22 మందికి అప్పటికే వాడుతున్న మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారాన్ని 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. వారి రక్తంలో చక్కెర తగ్గింది, ఐదుగురైతే మాత్రలు మానగలిగారు. మద్రాసులో జరిగిన ఈ పని నాకు నిజంగా గర్వకారణం. అయినా, 22 మంది మీద వచ్చిన ఫలితాన్ని, అదీ మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడని ఫలితాన్ని, కోట్లాది రోగులకు వర్తింపజేయలేము. పైగా వారు వాడింది నిర్ణీత పద్ధతిలో తీసిన సారం. మనం కొనే పొడిలో ఆ పదార్థాలు ఎంత ఉన్నాయో ఆకు కోసిన కాలాన్ని, ఎండబెట్టిన తీరును, నిల్వను బట్టి మారిపోతుంది.

మొక్క నుంచి మందు రాదని నేను అనడం లేదు. మనలో ఎందరో రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మూలాలు ఐరోపాలో పెరిగే గలేగా అనే మొక్కలో ఉన్నాయి. అందులోని గలేజిన్ చక్కెరను తగ్గించినా, అది శరీరానికి విషపూరితం. దానికి రసాయనికంగా దగ్గరి పదార్థమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లోనే తయారుచేసినా, మధుమేహ రోగుల్లో దాని ఫలితాలను ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ ప్రకటించింది 1957లో. పొడపత్రికి కూడా అంతటి ఓపికైన పరిశోధన దక్కాలని నా కోరిక.

అంతవరకు, చూర్ణం వాడేవారు ఆ సంగతిని తప్పక డాక్టరుకు చెప్పండి. గ్లిమెపిరైడ్ అనే చక్కెర వ్యాధి మాత్ర లేదా ఇన్సులిన్ వాడుతూ దీన్ని కూడా తీసుకుంటే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, మగత రావచ్చు. ఒంటరిగా ఉండే వృద్ధులకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ.