తేనెటీగ కూలి ఎంత?

(కడపలో డిగ్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, ఫ్యాను కింద చోటు దొరికినవాళ్లకు, దొరకనివాళ్లకు నమస్కారం. బయట బోర్డు మీద నా ప్రసంగం పేరు ‘ప్రపంచ జీవావరణ వ్యవస్థల మదింపు, మానవ శ్రేయస్సు’ అని రాశారు. ఆ పేరు చదివితే నాకే ఆవులింత వచ్చింది. అందుకని ముందు ఒక పొద్దుతిరుగుడు చేలోకి పోయి వద్దాం.

మీలో కమలాపురం, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి పొలాలున్న ఇళ్ల పిల్లలు ఉంటారు. పొద్దుతిరుగుడు పూతలో ఉన్నప్పుడు ఏం చేస్తారో వాళ్లకు తెలుసు. పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య అరచేతికి పలచటి గుడ్డ చుట్టుకుని, ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దుకుంటూ సాలు వెంట నడుస్తారు. నేనూ ఒక సెలవుల్లో మా చిన్నమ్మ చేలో ఈ పని చేశాను. అరగంటకే గుడ్డ పసుపు ముద్దయింది. మోచేతుల దాకా పుప్పొడి, మెడ మీద ఒకటే దురద. తొందరగా ముగించాలని నేను గబగబా రుద్దుతుంటే చిన్నమ్మ పక్క సాల్లోంచి అరిచింది: “బండ తోమినట్టు తోమద్దురా, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడువు.” సాయంత్రం ఇద్దరు కూలీలకు డబ్బులు లెక్కబెట్టి ఇచ్చి, కొంగు ముడి వేసుకుంటూ అంది: “ముందంతా ఈ పని ఈగలే చేసేటివి.”

ఇలా రుద్దితే తాలు తగ్గి గింజ బాగా పడుతుందని వ్యవసాయ శాఖవాళ్లే చెప్తారు. ఎకరాకు 2 తేనెటీగల పెట్టెలు పెట్టుకోమని కూడా చెప్తారు. ఆ రోజు మా చిన్నమ్మ లెక్క పుస్తకంలో ఒక కొత్త పద్దు పడింది: పువ్వు రుద్దిన కూలి. అంతకు ముందు ఏడాదీ పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోయింది, గింజ పడింది. ఆ పని చేసినవాళ్లు కూలి అడగలేదు గనక ఎక్కడా రాయలేదు. ఈ గంటంతా నేను చెప్పబోయేది ఆ పద్దు గురించే.

2000లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఒక పిలుపు ఇచ్చారు. అడవి, నది, సముద్రం, గడ్డిమైదానం మనిషికి ఏమేం చేసిపెడుతున్నాయో, ఆ పని ఇప్పుడు ఎలా సాగుతోందో ప్రపంచమంతటా ఒకసారి చూసి చెప్పమన్నారు. 2001లో మొదలై 2005లో నివేదికలు వచ్చాయి. 95 దేశాల నుంచి సుమారు 1,360 మంది నిపుణులు పనిచేశారు. దాన్నే సహస్రాబ్ది జీవావరణ మదింపు అంటారు. ప్రకృతి చేసే పనులకు వాళ్లు ‘సేవలు’ అని పేరు పెట్టి, నాలుగు గంపల్లో సర్దారు. తిండి, నీళ్లు, కట్టెల్లాగా చేతికి అందేవి ఒకటి. వరదను, రోగాన్ని, వేడిని అదుపులో పెట్టేవి రెండోది. దేవర చెట్టు, కొండ, తిరునాళ్ల వంటి మనసుకు సంబంధించినవి మూడోది. మట్టి తయారవడం లాంటివి, అంటే మిగతా మూడింటికీ కింద పునాదిగా ఉండేవి నాలుగోది. పరీక్షలో అడుగుతారు గనక చెప్పాను. అసలు సంగతి ఆ తర్వాత ఉంది.

24 సేవలను పరిశీలిస్తే 15 క్షీణిస్తున్నాయని, లేదా నిలవని పద్ధతిలో వాడేస్తున్నామని తేలింది. మెరుగుపడ్డవి నాలుగే. అందులో మూడు ఏవో చూడండి: పంటలు, పశుపోషణ, చేపల పెంపకం. మూడూ సంతకు పోయేవే, మూడింటికీ ధర ఉంది. నాలుగోది నేల మీది చెట్టూచేమా కార్బన్‌ను పీల్చుకుని దాచుకోవడం. ధర లేనివాటిలో ఎక్కువ భాగం దిగజారాయి. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇక్కడి మాట చెప్తాను. పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటలు చూసే ఉంటారు. పచ్చగా, కన్నుల పండుగగా ఉంటాయి. మదింపు భాషలో అది ‘పంట’ కింద పెరుగుదల. ఆ తోట కింద బోరు ఏటేటా ఇంకా లోతుకు పోతుంటే, అది ‘భూగర్భ జలం’ కింద తరుగుదల. రెండూ ఒకే చేలో, ఒకే రైతుకు జరిగాయి. కాయ అమ్మిన పట్టీ ఆయన దగ్గర ఉంది. నీళ్లు తరిగిన పట్టీ ఎవరూ ఇవ్వలేదు. వానలు ఎగ్గొట్టిన ఏడాది చెట్లు చావకుండా ట్యాంకరు తోలిస్తాడు చూడండి, అప్పుడు చేతికొస్తుంది ఆ పట్టీ. ఇంకో విడ్డూరం ఏమంటే, ట్యాంకరు కిరాయి దేశ ఆదాయంలో కలుస్తుంది. నేల కింద నీళ్లు ఉన్నంత కాలం వాటి పేరు మీద జీడీపీలో పైసా చేరలేదు. అవి పోయాక ట్యాంకరు, డీజిలు, డ్రైవరు జీతం వచ్చి చేరాయి. నేను ముప్పై ఏళ్లు ఆర్థికశాస్త్రం చెప్పాను. ఈ లెక్క క్లాసులో చెప్పిన ప్రతిసారీ సిగ్గుగానే ఉండేది.

మరి ధర కడితే సరిపోతుందా? 1997లో రాబర్ట్ కొస్టాంజా, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక అంచనా వేశారు. ప్రపంచ ప్రకృతి సేవల విలువ ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లు. అప్పటి ప్రపంచ దేశాల మొత్తం ఉత్పత్తి 18 లక్షల కోట్లే. పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. ఆర్థికవేత్తలు మాత్రం నవ్వారు. ప్రపంచంలో అందరి జేబుల్లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు ధర పెడితే కొనేదెవరు? మైకేల్ టోమన్ అనే ఆయన, ఇది అనంతాన్ని బాగా తక్కువ చేసి చూపిన అంచనా అని చమత్కరించాడు. గాలి మొత్తానికి విలువ కట్టమంటే ఏం కడతాం? ఈ ఒక్క కొండ పోతే, ఈ ఒక్క చెరువు పూడితే ఏం నష్టం అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది.

అలా జవాబు దొరికిన చోటు న్యూయార్క్. ఆ నగరానికి తాగునీళ్లు క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందన్నారు. కొండల మీది అడవిని, రైతులను, వాగుల గట్లను చూసుకుంటే సుమారు 150 కోట్లతో పోతుందని తేలింది. 1997లో ఆ ఒప్పందమే చేసుకున్నారు. అది డబ్బున్న ఊరు, ముందే మేలుకుంది.

మనం మేలుకోని కథ రాబందులది. 1990ల దాకా ఊరి బయట గొడ్డు చచ్చిపడితే రాబందులు వాలేవి. కాసేపట్లో ఎముకలు మిగిలేవి. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ వాడటం మొదలయ్యాక, ఆ మందు మిగిలి ఉన్న కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. తెల్లవీపు రాబందులు మన దేశంలో 99 శాతానికి పైగా మాయమయ్యాయి. కారణం 2004లో బయటపడింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఈలోగా కళేబరాలు కుళ్లాయి, నీళ్లు చెడ్డాయి, కుక్కలు పెరిగాయి. 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు, ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్, రాబందులు ఒకప్పుడు ఎక్కువగా ఉన్న జిల్లాలను, లేని జిల్లాలను పోల్చి చూశారు. 2000-2005 మధ్య దాదాపు 5 లక్షల అదనపు మరణాలు జరిగాయని అంచనా కట్టారు. పిల్లలూ, ఇవి మనుషుల మరణాలు. రాబందు ఇంటి మీద వాలితే అశుభమని శాంతి చేయించుకున్న జాతి మనది.

ధర కట్టే కాగితాలు మన దగ్గరా ఉన్నాయి. ఏళ్ల కిందట ఒక రోడ్డు వెడల్పు పనిలో పాత చింతచెట్లు కొట్టేసే ముందు తయారుచేసిన జాబితా నా చేతికి వచ్చింది. చెట్టు నంబరు, చుట్టుకొలత, కలప విలువ, అంతే. వరసలో నాలుగో చెట్టు కింద ఒకామె రాగిసంగటి అమ్మేది. చిగురు ఎవరు కోసుకునేవాళ్లు, కాయ వేలం ఎవరు పాడేవాళ్లు, ఎండాకాలం బస్సు కోసం నిలబడేవాళ్లు ఎక్కడ నిలబడేవాళ్లు, దేనికీ గడి లేదు. సంగటి ఆమె తర్వాత ప్లాస్టిక్ పట్టా, రెండు గుంజలు కొని నీడ వేసుకుంది. ఇది కూడా చిన్నమ్మ పద్దు లాంటిదే.

అడవి భూమిని వేరే పనికి ఇస్తే కట్టాల్సిన నికర ప్రస్తుత విలువను, అంటే ఆ అడవి ముందు ముందు చేయబోయే సేవలకు ఈనాటి లెక్కలో కట్టిన ధరను, 2008లో సుప్రీంకోర్టు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలుగా ఖరారు చేసింది. ఏ రకం అడవి, ఎంత దట్టం అన్నదాన్ని బట్టి. ఆర్థికవేత్త కంచన్ చోప్రా కమిటీ దీనికి దారి చూపింది. ఉత్త కలప లెక్క కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. అయినా నాకు ఒక అనుమానం. ధర తెలిశాక ‘కట్టేస్తే సరి’ అనుకునేవాళ్లూ ఉంటారు. పైగా డబ్బు ఖజానాకు పోతుంది, కట్టెలు ఏరుకునే ఇంటికి పోదు. ఆర్థికవేత్త పవన్ సుఖ్‌దేవ్ నాయకత్వంలో ప్రకృతి విలువ మీద 2010లో పూర్తయిన అధ్యయనం ఈ సంగతే పట్టుకుంది. మన దేశంలో పల్లె పేదల, అడవి మీద బతికేవాళ్ల రాబడిలో ప్రకృతి సేవల వాటా సుమారు 47 శాతం అంది. సగటు తీస్తే కనపడనిది, ఎవరి ఇల్లు అని అడిగితే కనపడుతుంది.

ఇక మన కలివికోడి. లంకమల కొండల కింది ముళ్లపొదల్లో, రాత్రిపూట, జొన్నకొయ్య కాళ్లతో పరిగెత్తే పిట్ట. 1900 తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనపడలేదు. 1986 జనవరిలో మన జిల్లాలోనే ఒక స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. నాలుగు గంపల్లో దీన్ని ఏ గంపలో వేస్తారు? కూరకు రాదు, పంటకు రాదు, వరద ఆపదు, చూడ్డానికి వచ్చేవాళ్లకు కనపడను కూడా కనపడదు. రూపాయల్లో లెక్క వేస్తే సున్నాకు దగ్గర. అయినా దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఏ ధర చూసి మార్చారు? చట్టం, ఇంకా కొందరి పట్టుదల. ఇది నా పాఠానికి అడ్డం వచ్చే ఉదాహరణ, తెలిసే చెప్తున్నాను. తేనెటీగ పక్షాన లెక్క మాట్లాడుతుంది. కలివికోడి పక్షాన మనమే మాట్లాడాలి.

వచ్చే వారం మీరు పోరుమామిళ్ల చెరువుకు పోతున్నారని విన్నాను. అక్కడ భైరవుడి గుడి దగ్గర రెండు రాతి పలకలు ఉంటాయి. 1369 నాటి శాసనం, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రోజూ వెయ్యిమంది మనుషులు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్యలో మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. మూడో దోషం చూశారా, రెండు రాజ్యాల మధ్య నీటి తగాదా! ఐదోది చదివినప్పుడు నాకు పులివెందుల చీనీ తోటలే గుర్తొచ్చాయి. మదింపు అనే మాట మనకు బయటనుంచి రాలేదని ఆ రాయి చూస్తే తెలుస్తుంది.

సర్వే కాగితాలు మీ సార్ ఇస్తారు. నింపండి, కాదనను. చేపలవాళ్లనూ, చాకిరేవు వాళ్లనూ, గొర్రెల కాపరినీ విడివిడిగా అడగండి. కాపరికి రైతులు డబ్బిచ్చి మరీ రాత్రిళ్లు చేలో మంద పెట్టించుకుంటారు. ఎరువు విలువ ఆయనకు రూపాయల్లో తెలుసు, మనకంటే బాగా. “ఈ చెరువు మీకు ఎంత విలువైనది?” అని మాత్రం అడగద్దు. ఎవరూ జవాబు చెప్పలేరు, మొహమాటానికి “శానా” అంటారు. కాగితం పక్కన పెట్టి, ఇలా అడగండి: “చెరువు ఎండిపోయిన ఏడాది మీరు ఏమేం కొనుక్కోవాల్సి వచ్చింది?”